వాననీటి పద్దు: శాసనం నుంచి కంప్యూటర్ దాకా



చెరువు గట్ల మీద జీవితం గడిపిన ఒక ఇంజనీరుగారి పేరిట జరుగుతున్న ఉపన్యాసం ఇది. మెట్ట సేద్యానికి వాననీటిని లెక్కగట్టే విద్య ఎలా ఎదిగిందో చెప్పుకోవడమే ఆయనకు తగిన నివాళి.

కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. ఆ చెరువు కట్టించినవాడు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ ఆ శాసనంలో చెక్కించాడు. నీరు కొంచెమై ఆయకట్టు విస్తారం కావడం ఒక దోషం. నీరు విస్తారమై భూమి చాలకపోవడం ఇంకొకటి. నీటికీ భూమికీ పొత్తు కుదిరిందా అన్నదే ఈనాటి కంప్యూటర్ మోడళ్లు తేల్చవలసిన ప్రశ్న కూడా.

బ్రిటిష్ కాలంలో ఈ లెక్క పట్టికల్లోకి ఎక్కింది. బొంబాయి ప్రెసిడెన్సీ ఇంజనీరు స్ట్రేంజ్ పరీవాహక ప్రాంతాలను మంచివి, మధ్యరకం, నాసి అని విడదీసి, ఎంత వానకు ఎంత నీరు పారుతుందో పట్టిక వేశాడు. చిన్న చెరువులు కట్టిన ఇంజనీర్లకు చాలాకాలం ఆ పట్టికే దిక్కు.

1954లో అమెరికా భూసంరక్షణ శాఖ కర్వ్ నంబర్ పద్ధతి తెచ్చింది. నేల రకం, పైరు, సేద్యపు తీరు చూసి పొలానికి వందలోపు ఒక అంకె వేస్తారు. అంకె పెరిగేకొద్దీ ఇంకేది తగ్గి, పారేది పెరుగుతుంది. అంకె 80 అనుకోండి. ఒకేరోజు 50 మిల్లీమీటర్లు కురిస్తే సుమారు 14 మిల్లీమీటర్లు పారుతుంది. హెక్టారుకు 140 ఘనపు మీటర్ల నీరన్నమాట. అదే వాన, నేల తడి మారదనుకుంటే, 25 చొప్పున రెండు విడతలుగా పడితే రెండూ కలిపి నాలుగు మిల్లీమీటర్లే. అందుకే అనంతపురంలో సగటున 550 మిల్లీమీటర్లు కురుస్తుందని చెప్పినంత మాత్రాన సేద్యపు కుంట ఎంత తవ్వాలో తేలదు. ఏ రోజు ఎంత పడిందో తెలియాలి.

రోజువారీ లెక్క ఏళ్ల తరబడి చేయడం చేతితో అయ్యే పని కాదు. 1960లలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రాఫర్డ్, లిన్స్‌లే ఆ పనిని కంప్యూటర్‌కు అప్పగించారు. 1990లలో అమెరికా వ్యవసాయ పరిశోధకులు తయారుచేసిన స్వాట్ మోడల్ నేల, వాలు, పైరు, వాన, ఆవిరి అన్నింటినీ ఒకే పద్దులో చేర్చింది. గత ముప్ఫై ఏళ్ల వానలు దానికిస్తే, కుంట ఏ ఏడు నిండేదో, వేరుశనగ ఊడలు దిగే వేళ బెట్ట వస్తే ఒక తడికి నీరు మిగిలేదో లేదో చెబుతుంది.

హైదరాబాద్ దగ్గరి కొత్తపల్లిలో మెట్ట పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ 1999 నుంచి వాననీటిని ఎక్కడికక్కడ ఆపే వాటర్‌షెడ్ పనులు చేపట్టింది. అక్కడ స్వాట్‌తో చేసిన అధ్యయనం మూడు సంగతులు చూపింది. భూగర్భానికి చేరే నీరు పెరిగింది, మట్టి కోత తగ్గింది. కిందికి పారే నీరూ తగ్గింది. పైన ఆపిన నీరు కొత్తగా పుట్టింది కాదు. గొలుసుకట్టు చెరువులున్న మన ప్రాంతంలో పై ఊరి లాభం కింది ఊరి మత్తడి దగ్గర కొరతగా తేలవచ్చు.

అయితే మోడల్‌కు కొలతలే ఆధారం. పది కిలోమీటర్ల అవతల వాన కురిసి, ఇక్కడ ఎండ కాసే నేల మనది. కాబట్టి ఏ ఊరి వానను ఆ ఊరే కొలుచుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కరువు పీడిత ఏడు జిల్లాల్లో రైతులే వాననూ, బావుల నీటిమట్టాన్నీ కొలిచి, రబీకి ముందు ఊరి నీటి పద్దు రాసుకున్నారు. ఆ పద్దును చూసుకునే ఏ పైరు వేయాలో చర్చించుకున్నారు.

అందుకే ప్రభుత్వాలకు, విశ్వవిద్యాలయాలకు నా విన్నపం ఒక్కటే. ప్రతి ఊరికీ ఒక వర్షమాపకం ఇవ్వండి. లెక్క తెలుగులో, రైతు చేతికి అందేలా చేయండి. కుంటలు తవ్వే ముందు ఒక్క పొలానికి కాదు, గొలుసుకట్టు మొత్తానికీ మోడల్ నడపండి. కింది ఊరి రైతును చర్చకు కూర్చోబెట్టకుండా పై ఊరి కుంటకు అనుమతి ఇవ్వకండి.