నది దాటిన తల్లి



మొన్నామధ్య మా అమ్మాయి పరీక్షకి చదువుకుంటూ అమెరికా అంతర్యుద్ధానికి కారణాలు వల్లె వేస్తోంది. నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. ఈ ఒప్పందం, ఆ చట్టం, ఫలానా తీర్పు అంటూ గడగడా అప్పజెప్పింది. "ఇంతకీ ఆ బానిసలకి పిల్లాజెల్లా ఉండేవారుటే?" అని అడిగాను. "అది పరీక్షలో రాదమ్మా" అంది. ఆ మాట మనసులో ముల్లులా ఉండిపోయి, నేనే పుస్తకాలు తెచ్చుకుని చదివాను.

ఆ దేశంలో ఉత్తరాదిన మిల్లులు, దక్షిణాదిన పెద్ద పెద్ద పత్తి తోటలు. పత్తిలో గింజ తీయడం ఎంత విసుగు పనో వత్తులు చేసుకునే మనకి వేరే చెప్పక్కర్లేదు. 1793లో ఎలీ విట్నీ అనే ఆయన గింజ తీసే యంత్రం తయారుచేశాడు. పని తేలికైంది కదా, బానిసల అవసరం తగ్గుతుందనుకుంటాం. తగ్గలేదు సరికదా, ఎంత పండిస్తే అంత లాభమని ఇంకా ఎక్కువమందిని పొలాల్లోకి దింపారు. 1860 నాటికి బానిసలు దాదాపు 40 లక్షలు. తల్లి బానిస అయితే బిడ్డా బానిసే, తండ్రి ఎవరైనా సరే. ఆ తండ్రి ఒక్కోసారి యజమానే! అంతకన్నా ఏం చెప్పను?

ఉత్తరాది రాష్ట్రాలు ఒక్కొక్కటే బానిసత్వం వదిలేశాయి. అలాగని అక్కడివారంతా ధర్మాత్ములని కాదు, వాళ్ల మిల్లుల్లో ఆడేది దక్షిణాది పత్తే. 1820లో పటంమీద ఒక గీత గీసి, దానికి పైన కొత్త భూముల్లో, ఒక్క మిస్సోరీలో తప్ప, బానిసత్వం ఉండరాదనుకున్నారు. వాటాలు పడ్డ అన్నదమ్ములు నట్టింట్లో గోడ కట్టుకున్నట్టన్నమాట.

ఆ గోడకి 1850లోనే బీట పడిందని నాకనిపిస్తుంది. పారిపోయి వచ్చిన బానిసల్ని ఉత్తరాదివారు పట్టి అప్పగించాలని ఆ ఏడు చట్టం చేశారు. ఆశ్రయమిస్తే 6 నెలల జైలు, 1000 డాలర్ల దాకా జరిమానా. దొరికిన మనిషి తన తరఫున సాక్ష్యం చెప్పుకోకూడదు. విచారణ చేసే అధికారికి, మనిషిని తిప్పి పంపిస్తే 10 డాలర్లు, వదిలేస్తే 5. ఎక్కడో దక్షిణాది గొడవ అనుకున్నది ఉత్తరాది ఇల్లాలి వంటింటి గుమ్మంలోకి వచ్చేసింది. బిడ్డల తల్లి హారియట్ బీచర్ స్టో ఆ ఉడుకులోనే 'అంకుల్ టామ్స్ కాబిన్' నవల రాసింది. మొదట ఒక వారపత్రికలో ధారావాహికగా వచ్చి, 1852లో పుస్తకమైంది.

1856 జనవరిలో మార్గరెట్ గార్నర్ అనే బానిస స్త్రీ, భర్త, అత్తమామలు, నలుగురు పిల్లలతో కెంటకీ నుంచి బయలుదేరింది. ఒహాయో నది గడ్డకట్టి ఉంది. చంటిపిల్లలతో రాత్రివేళ ఆ మంచుమీద నడిచి అవతలి గట్టున సిన్సినాటిలో బంధువుల ఇంట్లో తలదాచుకున్నారు. కొన్ని గంటల్లోనే మనుషులు ఇంటిని చుట్టుముట్టారు. ఇక తప్పదని తెలిసి, బిడ్డని మళ్లీ ఆ బతుక్కి పంపలేక, రెండేళ్ల కూతురి గొంతు కోసేసింది ఆ తల్లి.

నేను పుస్తకం మూసేసి కాసేపు లేచి తిరిగాను.

ఆమె తరఫు వకీలే ఆమెపై హత్యానేరం మోపి విచారించమన్నాడు! హత్య అంటే తల్లీ బిడ్డా మనుషులని ఒప్పుకున్నట్టే కదా, అందుకు. కోర్టు వినలేదు. 1850 చట్టం ప్రకారం ఆమె ఒకరి ఆస్తి, ఆస్తిని సొంతదారుకి అప్పగించారు. 1858లో మిసిసిపీలో బానిసగానే, టైఫాయిడ్ జ్వరంతో పోయింది.

ఇటు ఉత్తరాదిన ఇలాంటి కేసులకి జనం మండిపడుతుంటే, అటు దక్షిణాదివారు మా సొత్తు దోచుకుంటున్నారన్నారు. 1854లో కొత్త చట్టంతో ఆ పాత గీత చెరిగిపోయి, కాన్సస్‌లో రెండు పక్షాలూ కొట్టుకుచచ్చాయి. 1860లో లింకన్ గెలవగానే డిసెంబరులో సౌత్ కరోలినా విడిపోయింది. విడిపోతూ ప్రకటించిన కారణాల్లో, పారిపోయిన బానిసల్ని ఉత్తరాది అప్పగించడంలేదన్నది పెద్ద ఫిర్యాదు. 1861 ఏప్రిల్‌లో ఫిరంగులు పేలాయి. నాలుగేళ్లలో ఆరు లక్షలమందికి పైగా పోయారు.

1865 డిసెంబరులో రాజ్యాంగ సవరణతో బానిసత్వం రద్దయింది. మార్గరెట్ పారిపోయి వచ్చిన కెంటకీ రాష్ట్రం మాత్రం ఆ సవరణకి ఆమోదం తెలిపింది 1976లో. మా అమ్మాయి నమ్మలేదు, అచ్చుతప్పేమో చూడమ్మా అంది. చూశాను. తప్పు కాదు.