అద్దానికి అంటించిన కాగితం



పాత వాహనాల కొనుగోలు గురించి నాలుగు మాటలు మనవి చేయదలచాను. మన యువకులలో ఎందరో టాక్సీ, ఆటో, ట్రాలీ నడిపి కుటుంబాన్ని పోషిస్తున్నారు. కొత్త బండి కొనే స్తోమత లేక పాతది కొంటారు. తల్లి నగలు, చెల్లెలి పెళ్లికి దాచిన సొమ్ము అందులోకి పోతాయి.

మా వీధిలోని ఒక అబ్బాయి పొరుగు రాష్ట్రం నుంచి వచ్చిన కారు కొన్నాడు. నాలుగు నెలలు గడిచేసరికి ఫైనాన్స్ వాళ్లు వచ్చి బండి తీసుకుపోయారు. పాత యజమాని చేసిన అప్పు తీరనే లేదు. ఫిర్యాదు రాయించుకోవడానికి నా దగ్గరకు వచ్చినప్పుడు, "అప్పు లేదని రాసిచ్చాడా?" అని అడిగాను. "నోటితో చెప్పాడు చాచా" అన్నాడు. ముప్పై ఏళ్లు గుమాస్తాగా పనిచేసిన నేను అతనికి ఏం ధైర్యం చెప్పగలను?

తరువాతి సంవత్సరం న్యూజిలాండ్‌లో ఉంటున్న మా అమ్మాయి ఇంటికి వెళ్లాను. అప్పుడే మా అల్లుడు కారు కొనబోతున్నాడు. ఆ దేశంలో అమ్ముడయ్యే పాత కార్లలో ఎన్నో జపాన్‌లో వాడి, ఓడల్లో తెచ్చినవే. సముద్రం దాటి వచ్చిన బండి చరిత్ర కొనేవాడికి ఎలా తెలుస్తుంది? అందుకే అక్కడ 2008 నాటి నిబంధనల ప్రకారం, వ్యాపారి అమ్మకానికి పెట్టిన ప్రతి పాత కారుకూ ఒక సమాచార పత్రం కనబడేలా ఉంచాలి. అమ్మే వ్యాపారి ఎవరు, ధర ఎంత, బండి ఏ సంవత్సరానిది, మీటరు ఎన్ని కిలోమీటర్లు చూపుతోంది, దిగుమతి బండి అయితే అంతకుముందు ఏ దేశంలో రిజిస్టరయింది, దానిపై అప్పు నమోదై ఉందా అన్నవన్నీ అందులో ఉండాలి. దెబ్బతిన్న స్థితిలో దిగుమతి అయిందా అన్నది కూడా చెప్పాలి. తరువాత ఎంత చక్కగా బాగుచేయించినా ఆ మాట దాచడానికి వీల్లేదు. పత్రం అందినట్లు కొనేవాడు సంతకం చేసి ఒక ప్రతి తీసుకుంటాడు. వివాదం వస్తే మోటారు వాహన వివాదాల ట్రిబ్యునల్ ముందు ఆ ప్రతే సాక్ష్యమవుతుంది. వ్యాపారి కాని వ్యక్తి అమ్మితే మాత్రం ఈ పత్రం తప్పనిసరి కాదు.

మా అల్లుడు ఆ కాగితం చదువుతుంటే మా వీధి అబ్బాయి గుర్తుకు వచ్చాడు.

మనకు రక్షణలు లేవని కాదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం, ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరో రాష్ట్రంలో పేరు మార్చాలంటే ఎన్.ఓ.సి. కావాలి. ఆర్.సి.లో ఫైనాన్స్ నమోదై ఉంటే ఆ సంస్థ సమ్మతి లేకుండా పేరు మారదు. కొన్నవారు 30 రోజులలో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. అయితే ఈ వివరాలన్నీ ఒకే కాగితం మీద రాసి, బేరానికి ముందే కొనేవాడి చేతిలో పెట్టే అలవాటు మన బజారులో లేదు. ఆ అలవాటు మనమే చేసుకుందాం.

బయానా ఇచ్చే ముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. ఆర్.సి. ఎవరి పేరున ఉంది, ఫైనాన్స్ బాకీ, ఎన్.ఓ.సి., చలాన్లు, ఇన్సూరెన్స్ గడువు, మీటరు రీడింగు, ప్రమాదానికి గాని వరదకు గాని గురయిందా అన్న వివరాలు రాయించి, తేదీ వేయించి, అమ్మేవారి సంతకం తీసుకోండి. ఆర్.సి. వివరాలను రవాణాశాఖ రికార్డుతో సరిపోల్చండి. "నా మీద నమ్మకం లేదా భాయ్?" అంటే నొచ్చుకోవద్దు. నిజం చెప్పేవారికి రాసివ్వడంలో నష్టమేమీ లేదు. రేపు లేని నింద పడితే ఆ కాగితమే ఆయన్నూ కాపాడుతుంది.

చివరిగా ఒక విన్నపం. మనలో మెకానిక్కులు, బ్రోకర్లు, పాత బండ్ల వ్యాపారులు ఎందరో ఉన్నారు. సరుకులోని లోపం దాచి అమ్మరాదన్నది మనకు కొత్త బోధ కాదు. కొనేవాడు అడిగేదాకా ఆగకుండా మీరే ఆ కాగితం రాసి అద్దానికి అంటించండి. మన దుకాణాలకు ఆ పేరు వస్తే అంతకు మించిన ప్రచారం అక్కరలేదు.