చదువలేని బాలుడు
(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



ఏటేట ఈ సభలో బహుమతులందిన పిల్లలను గూర్చి ముచ్చటించుట వాడుక. ఈ యేడు బహుమతి దరిదాపులకు రాని పిల్లలను గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

మా తరగతిలో ఒక బాలుడుండెను. శతకపద్యము రెండుమారులు విన్న చాలును, తప్పులేక అప్పగించువాడు. నోటిలెక్కలలో వానికి సాటి లేదు. పుస్తకము తెరచినంతనే నోరు పెగలదు. 'ప్రీతి'ని 'పీర్తి' యనును. మరుపంక్తిలో ఆ మాటయే వచ్చిన మరల క్రొత్తగా కూడబలుకుకొనును. వాడు సోమరి యని తలచితిమి. గుణింతములు నూరుమారులు వ్రాయించితిమి. వ్రేళ్లు నొచ్చినవే కాని చదువుట రాలేదు. ఆ తప్పు మాది.

1896లో ప్రింగిల్ మోర్గన్ అను ఆంగ్ల వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇట్టివాడే యగు పదునాలుగేండ్ల బాలుని గూర్చి వ్రాసెను. బోధన యంతయు నోటితోనే జరిగినచో పాఠశాలలో వాడే మేటి యగునని వాని ఉపాధ్యాయుడు చెప్పెనట. దీనినిప్పుడు డిస్లెక్సియా యందురు. ఇది బుద్ధిమాంద్యము కాదు. మాటను ధ్వనులుగా విడదీసి, ఆ ధ్వనులను అక్షరములతో జతపరచుటలో కలుగు ఇబ్బంది. 1995 నాటి వికలాంగుల చట్టమున దీనికి చోటు లేదు. 2016 చట్టమున చేరినది. ధ్రువపత్రము పొందినవారికి పరీక్షలో అదనపు సమయము వంటి సౌకర్యములు కలవు. అడుగుటకు మొగమాట పడనక్కరలేదు.

మన లిపిలో చిక్కు ఎచ్చటనో చూడుడు. 'ప్రీ' యనునపుడు చెవికి పకారము, పిదప రేఫ, ఆ పిదప ఈకారము వినబడును. వ్రాతలోనో, గుడిదీర్ఘము పకారము తలపై కూర్చున్నది. క్రావడి దిగువనుండి చుట్టుకొన్నది. కంటికి తోచిన వరుసలో చదివినవాడు 'పీర్తి' యనుటలో కొంత న్యాయము లేకపోలేదు! మనమున్న ఈ తమిళనాట వీధి బోర్డులపై వత్తులు కానరావు. హల్లుపై చుక్కయుంచి అక్షరములను ప్రక్కప్రక్కనే వ్రాయుదురు. అవి చదువగల పిల్లవాడును తెలుగు వత్తులకడ నిలిచిపోవచ్చును.

అందుచేతనే కొందరు తల్లులు 'తెలుగు మాన్పించి ఇంగ్లీషొక్కటే చెప్పుడు' అని కంట తడిపెట్టుచున్నారు. వారి బాధ మాకు తెలియును. అయినను, మన 'క' ఎచ్చట నున్నను 'క'యే. ఇంగ్లీషున 'సి' యను అక్షరము 'క్యాట్'లో కకారము, 'సిటీ'లో సకారము. ధ్వనులను పట్టలేని బాలునికి అచ్చట చిక్కు హెచ్చునే గాని తగ్గదు. ఇంటిలో వినుచున్న మాటలనే విడదీయుట వానికి సులువు.

ఇప్పుడు మేము మొదట పుస్తకము మూసి చెవికి పని చెప్పుదుము. 'కమల'కు మూడు చప్పట్లు. మొదటి అక్షరము తీసిన ఏమి మిగులును? 'మల'. పిదప ఇసుకపళ్లెములో వ్రేలితో అక్షరము దిద్దుచు దాని ధ్వనిని పైకి పలికింతుము. అక్షరాభ్యాసమునాడు బియ్యములో దిద్దించుట మన యిండ్ల ఆచారమే కదా. ఆ ఒక్కనాటి పనిని ఈ పిల్లలచే నెలల తరబడి చేయించుచున్నాము. ప, వ, మ, య వంటి పోలికగల జంటలను ఒకేనాడు చెప్పము. వత్తులు కడపట. 'ప్రీ'ని ప్, ర్, ఈ అని మూడు అట్టముక్కలుగా వరుస పేర్పించి, చదివించి, ఆ తరువాతనే కలిపి వ్రాసి చూపుదుము. రోజుకు ఇరువది నిమిషములే. అంతకు మించిన పిల్లవాడు విసిగిపోవును, మేమును విసిగిపోదుము.

ఇంట మీరు పాఠము చెప్పనక్కరలేదు. రాత్రి ఒక కథ మీరే చదివి వినిపింపుడు. చుట్టముల ఎదుట పుస్తకమిచ్చి 'చదువురా' యనవలదు. చెల్లెలు చదువుచున్నదే యని ఎత్తిపొడువవలదు.

ఆ బాలుడిప్పుడు ఏడవ తరగతి. గడచిన మాసమున మూడవ తరగతి వాచకములో ఒక పుట మొత్తము చదివెను. పదునొకండు నిమిషములు పట్టినది. 'ప్రీతి' వచ్చినచోట క్షణమాగి, సరిగా పలికి, మా మొగము చూచెను.

ఇట్టి పిల్లలుగలవారు సభ ముగిసిన పిమ్మట మూడవ తరగతి గదిలో మమ్ము కలిసికొన ప్రార్థన. పిల్లలను వెంట తీసికొని రండు.