చివర వచ్చినవాడికే ఎక్కువ ధర

(యువజన కూటంలో చేసిన ప్రసంగం పాఠం)



ఆన్‌లైన్‌లో రైలు టికెట్ ధర ఎందుకు మారుతుంది, దాని గురించి సంఘంగా మనం ఏమనాలి అన్న విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. మన కూటాల్లో ఇలాంటి అంశం పెట్టడం కొత్తే. ప్రార్థనకీ టికెట్ బుకింగ్‌కీ ఏం సంబంధమని వెనక వరసలో ఎవరో నవ్వారు కూడా. కానీ ఈ హాల్లో షోలాపూర్ వాళ్లున్నారు, కోలారు బంగారు గనుల దగ్గర పుట్టినవాళ్లున్నారు, బరంపురం వాళ్లున్నారు, పెద్ద రైలు ఎక్కాలంటే ముందు కాకినాడ చేరాల్సిన యానాం వాళ్లున్నారు. మన ముందుతరాలు పని వెతుక్కుంటూ ఊరు విడిచాయి. పెళ్లికీ చావుకీ క్రిస్మస్‌కీ మనల్ని ఇంకా ఆ ఊళ్లతో కలిపి ఉంచుతున్నది రైలే. భువనేశ్వర్ నుంచి ముంబయి వెళ్లే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఒక్కదాన్నే తీసుకోండి. బరంపురం, విశాఖ, విజయవాడ, సికింద్రాబాద్, షోలాపూర్... మన బంధువుల పేర్లన్నీ ఆ ఒక్క రైలు దారిలోనే ఉంటాయి.

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఫోన్‌లో పదిసార్లు వెతికితే ధర పెరుగుతుందని, మనం ఆత్రపడుతున్నామని కంప్యూటరు కనిపెట్టేస్తుందని చాలామంది అనుకుంటున్నారు. రైలు విషయంలో అది నిజం కాదు. మామూలు ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్ టికెట్ ధర దూరాన్ని బట్టి, తరగతిని బట్టి ఉంటుంది. 60 రోజుల ముందు కొన్నా, 6 రోజుల ముందు కొన్నా అదే ధర. వేరే యాప్‌లో ఎక్కువ కనబడిందంటే అది వాళ్ల సేవా రుసుము, లేకపోతే వాళ్లే ముందుగా టిక్కు పెట్టి ఉంచిన ఏదో హామీ పథకం. ఆ టిక్కులు తీసేయండి. ఐఆర్‌సీటీసీలో కూడా సౌకర్య రుసుము ఉంది. నాన్ ఏసీకి 15 రూపాయలు, ఏసీకి 30, యూపీఐతో కడితే 10, 20, దాని మీద జీఎస్టీ. నోట్ల రద్దు సమయంలో దాన్ని ఎత్తేశారు, 2019 సెప్టెంబరు నుంచి మళ్లీ పెట్టారు. కౌంటరు దగ్గర నిలబడి కొంటే ఇది ఉండదు. అయితే కౌంటరు దగ్గర నిలబడడానికి పూట కూలి పోగొట్టుకోవాలి, అది వేరే లెక్క.

మరి నిజంగా ధర మారేది ఎక్కడ? 2016 సెప్టెంబరు 9 నుంచి రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్లలో ఫ్లెక్సీ ఫేర్ అనే పద్ధతి తెచ్చారు. సికింద్రాబాద్ నుంచి విశాఖ వెళ్లే దురంతో, సికింద్రాబాద్ నుంచి ముంబయి వెళ్లే దురంతో మనకు తెలిసిన రైళ్లే. ఈ పద్ధతిలో ప్రతి 10 శాతం బెర్తులు అమ్ముడైనప్పుడల్లా మూల ధర 10 శాతం పెరుగుతుంది. మొదట ఈ పెరుగుదల ఒకటిన్నర రెట్ల దాకా వెళ్లేది. 2018లో సమీక్షించి 1.4 రెట్లకు తగ్గించారు, జనం ఎక్కని కొన్ని రైళ్లలో పూర్తిగా తీసేశారు.

లెక్క ఒకసారి చేసి చూడండి. మూల ధర 1000 రూపాయలు, బెర్తులు 100 అనుకుందాం. మొదటి 10 మంది 1000 ఇస్తారు. తర్వాతి 10 మంది 1100, ఆ తర్వాత 1200, 1300. అంటే 40 మంది అయ్యారు. మిగిలిన 60 మందీ 1400 చొప్పున కట్టాలి. మొత్తం కలిపితే 1,30,000 వస్తుంది, అంటే సగటున మనిషికి 1300. మనం దీన్ని హెచ్చుతగ్గుల ధర అంటున్నాం గానీ, బుకింగ్ జరిగేటప్పుడు ఇందులో హెచ్చే తప్ప తగ్గు లేదు. చార్టు తయారయ్యాక మిగిలిన బెర్తులకు 10 శాతం తగ్గింపు ఇస్తారు. పెట్టె సర్దుకుని స్టేషన్‌లో నిలబడి, ఖాళీ ఉంటుందో లేదో అని చూడగలిగినవాడికి అది పనికొస్తుంది. పిల్లల్ని వెంటబెట్టుకున్న తల్లికి పనికిరాదు.

దీనివల్ల రైల్వేకైనా మేలు జరిగిందా అంటే, 2018లో కాగ్ ఇచ్చిన నివేదిక చూడాలి. ఆ రైళ్లలో 552 కోట్ల రూపాయలు అదనంగా వచ్చాయి గానీ ప్రయాణికులు 6.75 లక్షల మంది తగ్గారని అందులో ఉంది. తగ్గిన ఆ మనుషులు ప్రయాణం మానేశారా, బస్సెక్కారా, విమానం ఎక్కారా? డబ్బున్నవాళ్లు విమానం ఎక్కి ఉంటారు. మిగతావాళ్ల సంగతి లెక్కల పుస్తకం అడగదు.

"అన్నా, మేం రాజధాని ఎక్కే వాళ్లం కాదు కదా, మాకెందుకిది" అని ఒక తమ్ముడు టీ తాగుతూ అడిగాడు. మంచి ప్రశ్న. స్లీపర్ ధర మెట్లు ఎక్కదు, నిజమే. కానీ స్లీపర్ బెర్తు దొరకనప్పుడు మనిషే మెట్లు ఎక్కాల్సి వస్తుంది. మొదటి మెట్టు తత్కాల్: స్లీపర్‌కు 100 నుంచి 200 రూపాయలు అదనం. ప్రయాణానికి ముందు రోజు ఏసీకి ఉదయం 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు తెరుచుకుంటుంది, తెరిచినంతసేపు పట్టదు అయిపోవడానికి. రెండో మెట్టు ప్రీమియం తత్కాల్. ఇది 2014లో వచ్చింది. ఎంపిక చేసిన రైళ్లలో తత్కాల్ కోటాలో కొంత భాగం తీసి, గిరాకీని బట్టి పెరిగే ధరకు అమ్ముతారు. ఇక్కడ స్లీపర్ కూడా మెట్లు ఎక్కుతుంది! రాయితీలేవీ చెల్లవు, ఖాయమైన టికెట్ రద్దు చేస్తే పైసా వెనక్కి రాదు. మూడో మెట్టు ఏసీ. చాలా రైళ్లలో స్లీపర్ పెట్టెలు తగ్గి ఏసీ పెట్టెలు పెరగడం మన కళ్లముందు జరిగినదే. నాలుగోది ప్రైవేటు బస్సు. క్రిస్మస్ వారంలో, సంక్రాంతి వారంలో దాని ధర గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. కాబట్టి ధరల పట్టికలో స్లీపర్ అంకె కదలకపోయినా, పేదవాడు నిజంగా కట్టే ధర కదులుతూనే ఉంటుంది.

వెయిటింగ్ లిస్టు సంగతి కూడా చెప్పాలి. ఆన్‌లైన్ టికెట్ చార్టు తర్వాత కూడా వెయిటింగ్‌లోనే ఉండిపోతే దానంతటదే రద్దవుతుంది, కానీ మనిషికి 60 రూపాయలు కోసుకుంటారు, సౌకర్య రుసుము కూడా తిరిగి రాదు. ప్రయాణమే చెయ్యని ఐదుగురున్న కుటుంబం 300 పైనే పోగొట్టుకుంటుంది.

ఇప్పుడు ఇంకో తమ్ముడు లేఖనంతోనే వాదించాడు. బుద్ధిగల కన్యకలు ముందే నూనె సిద్ధం చేసుకున్నారు కదా, ముందే బుక్ చేసుకోవడం మన బాధ్యత కాదా అని. బాధ్యతే. చెయ్యగలిగి చెయ్యనివాళ్లకు ఆ ఉపమానం గట్టిగానే చెప్పండి. కానీ 2024 నవంబరు నుంచి బుకింగ్ 60 రోజుల ముందు తెరుచుకుంటోంది. డిసెంబరు 23 ప్రయాణానికి అక్టోబరు 24 ఉదయం 8 గంటలకు. ఆ ఉదయం తన సెలవు తనకు తెలిసేది ఎవరికి? జీతం వచ్చే ఉద్యోగికి తెలుసు. కాలేజీ పిల్లలకు తెలుసు. కాంట్రాక్టు మీద ఊడ్చే చెల్లికి, నాలుగిళ్లలో పనిచేసే అమ్మకు, సెక్యూరిటీ గార్డుగా ఉన్న తమ్ముడికి తెలియదు. వాళ్లకు సెలవు ఖాయమయ్యేది డిసెంబరు 20న, అదీ యజమాని మనసు బాగుంటే. ఇక చావు కబురు, ఆసుపత్రి కబురు 60 రోజుల ముందు ఎవరికీ అందవు.

అందుకే నాకు ద్రాక్షతోట కూలీల ఉపమానం గుర్తొస్తుంది. సాయంకాలం ఐదు గంటలకు సంత వీధిలో నిలబడి ఉన్నవాళ్లను యజమాని అడిగితే, తమను ఎవరూ పనికి పెట్టుకోలేదని చెప్పారు. వాళ్ల ఆలస్యం సోమరితనం వల్ల కాదు, అది వాళ్ల చేతిలో లేదు. యజమాని వాళ్లకూ పూర్తి దేనారమే ఇచ్చాడు. మన టికెట్ లెక్క దీనికి సరిగ్గా తిరగేసి ఉంది. పొద్దున్నే రాగలిగిన స్థితి ఉన్నవాడికి తక్కువ ధర, చివర రాక తప్పనివాడికి ఎక్కువ ధర. ఆమోసు ప్రవక్త కోపమంతా కూడా కొలపాత్ర చిన్నది చేసి వెల పెద్దది చేసేవాళ్ల మీదే కదా. ఒకే పెట్టెలో, ఒకే రాత్రి, పై బెర్తుకు ఒక తూకం, కింది బెర్తుకు ఇంకో తూకం ఎలా న్యాయమవుతుందో నాకు ఎవరైనా వివరించాలి.

రైల్వే వైపు మాట కూడా వినాలి, లేకపోతే మనది న్యాయం మాట్లాడడం కాదు, సణుగుడు. ప్రయాణికుల టికెట్ మీద రైల్వేకు ఖర్చంతా రాదు. ప్రయాణ ఖర్చులో సగటున 57 శాతమే వసూలవుతోందని ఒకప్పుడు టికెట్ల మీదే అచ్చువేసేవారు. ఆ లోటును సరకు రవాణా ఛార్జీలతో పూడుస్తారు. అంటే బొగ్గు, ఎరువు, బియ్యం, సిమెంటు మోసిన కిరాయి నుంచి. ఆ కిరాయి చివరికి కరెంటు బిల్లులోకీ బస్తా ధరలోకీ చేరుతుంది కాబట్టి, రైలే ఎక్కని పేదవాడు కూడా కొంత కడుతున్నాడు. కనుక ధరలు ఎప్పటికీ పెంచకూడదని నేను అనను. ఏసీ ప్రయాణికుడి దగ్గర, కంపెనీ ఖర్చు మీద తిరిగేవాడి దగ్గర ఎక్కువ తీసుకోండి, అభ్యంతరం లేదు. అవసరం తీవ్రంగా ఉందన్న కారణం చూపించి ఎక్కువ తీసుకోవడం వేరు. ప్రభుత్వ సంస్థకు అది తగదు. విమాన సంస్థ చేస్తోందిగా అంటే, రైలును మన పన్నులతో ప్రజల కోసం కట్టుకున్నాం. విమాన సంస్థ మన దగ్గర భూమి అడిగి పట్టాలు వెయ్యలేదు.

వృద్ధుల రాయితీ మాట ఎత్తకుండా దిగలేను. 60 దాటిన పురుషులకు 40 శాతం, 58 దాటిన స్త్రీలకు 50 శాతం ఉండేది. 2020 మార్చిలో కోవిడ్ పేరుతో ఆపారు. కోవిడ్ పోయింది, రాయితీ రాలేదు. కనీసం స్లీపర్‌కూ థర్డ్ ఏసీకీ తిరిగి ఇవ్వడాన్ని పరిశీలించమని పార్లమెంటు రైల్వే స్థాయీ సంఘం కూడా సిఫారసు చేసింది. 5 నుంచి 11 ఏళ్ల పిల్లలకు వేరే బెర్తు కావాలంటే 2016 ఏప్రిల్ నుంచి పూర్తి ధర. నాయనమ్మ, ఇద్దరు పిల్లలు, తల్లిదండ్రులు కలిసి సొంతూరి చర్చిలో పండుగ చేసుకోవాలంటే ఎంతవుతుందో ఇవాళ ఇంటికెళ్లి లెక్క వెయ్యండి.

మనం చెయ్యగలిగింది రెండు రకాలు. ఒకటి అడగడం. ప్రతి జోన్‌కూ, డివిజన్‌కూ ప్రయాణికుల సంప్రదింపుల కమిటీలు ఉన్నాయి. ప్రతి ఎంపీకి కార్యాలయం ఉంది. వృద్ధుల రాయితీ తిరిగి ఇవ్వాలి, స్లీపర్‌ను ప్రీమియం తత్కాల్ నుంచి తప్పించాలి, స్లీపర్ పెట్టెలు తగ్గించకూడదు, పండుగ ప్రత్యేక రైళ్లను మామూలు ధరకే నడపాలి. ఈ నాలుగు మాటలు ఒక పేజీలో రాసి, సంఘం సభ్యులంతా సంతకాలు పెట్టి ఇవ్వాలి. కర్ణాటకలో కన్నడంలో, ఒడిశాలో ఒడియాలో రాయండి. మన పక్కింటివాళ్ల కష్టం కూడా ఇదే కాబట్టి వాళ్ల సంతకాలు కూడా అడగండి. ఇది తెలుగువాళ్ల సమస్యో, క్రైస్తవుల సమస్యో కాదు.

రెండోది, చేతులతో చేసే సాయం. ప్రతి సంఘంలో ఫోన్ బాగా తెలిసిన యౌవనస్థులు ఇద్దరు ముగ్గురు కూర్చుంటే చాలు. ఇక్కడ జాగ్రత్త ఒకటి ఉంది. సొంత ఐడీతో టికెట్లు కొని ఇతరులకు వ్యాపారంగా అమ్మడం రైల్వే చట్టం 143వ సెక్షన్ కింద నేరం, 3 ఏళ్ల దాకా జైలు. మంచి పని చేస్తున్నామనుకుని సంఘం టికెట్లన్నీ ఒకే తమ్ముడి ఐడీ మీద తియ్యకండి, పది రూపాయలు కూడా పైన తీసుకోకండి. ప్రతి కుటుంబానికీ వాళ్ల సొంత ఐడీ తెరిపించండి. తత్కాల్‌కు 2025 జులై నుంచి ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి, అదే ఏడాది అక్టోబరు నుంచి మామూలు బుకింగ్ మొదట తెరుచుకునే నిమిషాలకు కూడా. కాబట్టి ఆ పని సెప్టెంబరులోనే పూర్తవ్వాలి. ఆధార్ అనుసంధానం చేసిన ఐడీకి నెలకు 24 టికెట్లు, చెయ్యనిదానికి 12.

సెలవు ముందే తెలిసినవాళ్లు అక్టోబరు 24న కొనుక్కోండి. తెలియనివాళ్ల పేర్లు వేరుగా రాసిపెట్టుకోండి. వాళ్ల యజమానుల దగ్గరకు పాస్టర్ గారు, పెద్దలు అక్టోబరులోనే ఒకసారి వెళ్లి, క్రిస్మస్ సెలవు తేదీ ఇప్పుడే చెప్పమని అడిగితే కొందరైనా చెబుతారు. పోయినసారి మా వీధిలో ఇద్దరు చెప్పారు. మిగిలినవాళ్ల కోసం, డిసెంబరులో తత్కాల్ తేడా డబ్బు భరించడానికి పండుగ అలంకరణ ఖర్చులోంచి కొంత పక్కన పెట్టగలరేమో, ఈ మధ్యాహ్నం మీ మీ సంఘాలవాళ్లు విడివిడిగా కూర్చున్నప్పుడు మాట్లాడుకోండి. ప్రశ్నలుంటే అడగండి, భోజనానికి ఇంకా పావుగంట ఉంది.