గ్రీకుల ఆరోగ్యదేవాలయములు – దిక్కులు, చుక్కలు



గుడి తూర్పుముఖముగ నుండుట మనకు క్రొత్త కాదు. ప్రాచీన గ్రీసు దేశమునందును పెక్కు దేవాలయములు తూర్పునే చూచుచున్నవి. కాని అన్నియు నొకే చోటును చూడవు. ఒకటి కొంచె ముత్తరమునకు, మరియొకటి దక్షిణమునకు ఒరిగి యుండును. కొన్ని తూర్పును బొత్తిగా విడిచినవి. ఇట్లేల?

ఈ ప్రశ్నను చేపట్టినవారిలో నార్మన్ లాకియర్ అను ఆంగ్లశాస్త్రజ్ఞు డొకడు. 1868 ఆగస్టు 18వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణమున మన గుంటూరునందు జాన్సెన్ అను ఫ్రెంచి పండితుడు సూర్యుని జ్వాలల వెలుగును పరీక్షించెను. అదే సంవత్సరము ఇంగ్లండునం దా వెలుగునే గ్రహణము లేకుండ పట్టినవా డీ లాకియరు. గుడి కట్టిన కాలమున దాని ద్వారమున కెదురుగ నేదో నక్షత్ర ముదయించెడిదని 1894లో నాతడు గ్రంథము ప్రకటించెను. అయనచలనము మన పంచాంగకర్తలు ఎరిగినదే. దానిచే నక్షత్రోదయస్థానము తరతరములకు జరుగును. జరిగిన మేర లెక్కించిన గుడి వయస్సు తేలునని వాదము. పెన్రోజ్ అను వాస్తువేత్త గ్రీకు గుడులను కొలిచి, ఇట్లే వయస్సులు కట్టెను.

దీనిని చదివి నేను మురిసిపోయితిని. దిక్సూచి గైకొని మా యూరి శివాలయమును కొలిచితిని. ఆ ద్వారమునకు మూడు నక్షత్రములు సరిపడినవి! మూడును మూడు వయస్సులు చెప్పినవి. నడుమ శతాబ్దముల యంతరము. గుడిలోని శాసనము చూడగా మూడును తప్పే. కోరిన వయస్సు నిచ్చు చుక్క యెప్పుడును దొరకునని నాటికి తెలిసినది. అప్పటినుండి గుడిలో నేమి జరిగెడిదని ముందుగ విచారించుచున్నాను.

ఎపిడారస్ అను చోట అస్క్లీపియస్ అను వైద్యదేవత కోవెల కలదు. క్రీస్తుపూర్వము 4వ శతాబ్దమున కట్టినది, ముఖము తూర్పు. రోగులు శుచులై, బలి సమర్పించి, కోవెల కుత్తరమున నున్న పొడుగాటి సాలలో రాత్రి నిద్రించెడివారు. దేవుడు కలలో వచ్చి చికిత్స చేయునని వారి నమ్మకము. అచ్చటి శిలాఫలకములపై నొక కథ కలదు. ఆంబ్రోసియా అను ఏథెన్సు స్త్రీ కొక కన్ను లేదు. కలగన్నంతనే కుంటివాడు నడచునా యని ఆమె నవ్వినది. ఆ రాత్రి దేవుడు కనబడి, "నయము చేసెదను, కాని నీ యజ్ఞానమునకు గుర్తుగ వెండిపంది నొకటి సమర్పింపుము" అని, కంటిని కోసి మందు పోసెనట. తెల్లవారగనే ఆమె స్వస్థురాలై వెడలినది. ఆ సాల దక్షిణమునకు తెరచియున్నది. చలికాలపు టెండ రోగులపై పడుటకే యని నా యూహ. దీనికి నక్షత్ర మక్కరలేదు.

ఆర్కేడియా కొండలలో బాస్సే యను చోటి అపొల్లో గుడి వేరు. మహామారి నుండి కాపాడినందులకు కృతజ్ఞతగ కట్టిరని యాత్రికుడు పాసేనియస్ వ్రాసెను. కాని ఏథెన్సును పీడించిన ఆ వ్యాధి పెలొపొనీససున చెప్పదగినంతగా వ్యాపింపలేదని, ఆనాడే యున్న తుసిడిడీస్ వ్రాసియున్నాడు. నే నీతని మాటనే నమ్ముదును. ఆ గుడి ముఖ ముత్తరము. అయినను లోపలి గదికి తూర్పుగోడలో వేరుగ నొక ద్వారము పెట్టిరి. ఉదయభాను కిరణములు విగ్రహముపై పడుటకే యని కొందరందురు. విగ్రహ మేనాడో పోయినది. వానకు, మంచునకు రాయి చెడకుండ 1987లో గుడి నంతను పెద్ద గుడారముతో కప్పిరి. ఇక నా ద్వారమున ఎండ వచ్చుతీరును చూడగోరి పోయినవానికి ఆ గుడారమే అడ్డుపడినది.