ఇంట్లో కుక్క ఉందా? దాని చర్మాన్ని కూడా చూడండి
(రోగుల బంధువులకు చేసిన ఆరోగ్య ప్రసంగం)



రోగిని ఇంటికి తీసుకువెళ్ళేటప్పుడు మందులు, పథ్యం, కుట్లు విప్పే రోజు గురించి అడుగుతారు. ఇంట్లో కుక్క ఉంటే దాని సంగతి కూడా డాక్టరుగారికి చెప్పండి. కుక్క చర్మవ్యాధుల్లో కొన్ని మనకూ అంటుతాయి. పసిపిల్లలు, వృద్ధులు, కేన్సరు మందులు వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

మొదటిది గజ్జి. కంటికి ఆనని పురుగు చర్మాన్ని తొలచుకుని ఉండడం వల్ల ఇది వస్తుంది. కుక్క రాత్రింబగళ్ళు గోక్కుంటుంది. చెవుల అంచులు, మోచేతులు, పొట్ట దగ్గర బొచ్చు ఊడి పొక్కులు కడతాయి. దాన్ని ఎత్తుకున్నవారికి చేతులమీద, పొట్టమీద దురదతో ఎర్రని దద్దుర్లు రావచ్చు. ఈ పురుగు మనిషి ఒంటిమీద ఎక్కువకాలం బతకదు. కుక్కకు వైద్యం చేయిస్తే మన దురద కొద్ది వారాల్లో తగ్గుతుంది. దానికి చేయించకుండా మనం ఎన్ని మందులు పూసుకున్నా మళ్ళీ వస్తుంది. అయితే ఇంట్లో ఒకరి తరువాత ఒకరికి వేళ్ళసందుల్లో దురద వచ్చి, రాత్రిపూట ఎక్కువవుతుంటే అది మనుషుల నుంచి మనుషులకు అంటే గజ్జి కావచ్చు. కుక్కమీద నెపం పెట్టకుండా డాక్టరుకు చూపించండి.

రెండవది తామర. బొచ్చు గుండ్రంగా ఊడి, అక్కడ చుండ్రులా పొట్టు లేస్తుంది. దురద లేకపోయినా అంటుతుంది. పిల్లల ఒంటిమీద ఉంగరంలాంటి మచ్చ కనిపిస్తే కుక్కను కూడా పరీక్ష చేయించండి.

కుక్కపిల్లల్లో కళ్ళచుట్టూ, మూతిమీద, ముందుకాళ్ళమీద పెద్దగా దురద లేకుండా బొచ్చు ఊడే మరో రకం ఉంది. అది మనుషులకు అంటదు. ఏ రకమో కంటితో చూసి తేల్చలేం. పశువుల డాక్టరు చర్మాన్ని కొద్దిగా గీకి మైక్రోస్కోపు కింద చూసి చెబుతారు. కనుక భయపడి కుక్కపిల్లను వీధిలో వదిలేయకండి.

చెవుల లోపల, కాలివేళ్ళ మధ్య పిడుదులు ఉన్నాయేమో చూడండి. వాటిని చేతితో నలపకండి. పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టుకుని నిదానంగా లాగి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

కిరోసిన్, ఫినాయిల్, వాడేసిన ఇంజన్ ఆయిల్ పూయకండి. కుక్క దాన్ని నాకుతుంది, విషం కడుపులోకి పోతుంది. పశువుల మందును అంచనా మీద వాడకండి.

కుక్కకు నయమయ్యేవరకు రోగి మంచం మీదికి రానివ్వకండి. దాని పడకగుడ్డలు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయండి. కుక్క నాకితే పుండు మానుతుందన్నది అపోహ. పుండును నాకినా, కరిచినా సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి రండి. రేబిస్ టీకా అవసరం కావచ్చు.

పశువుల ప్రాణం పట్ల దయ చూపేవాడే నీతిమంతుడని సామెతల గ్రంథం 12వ అధ్యాయం బోధిస్తుంది. నోరులేని ఆ ప్రాణికి వైద్యం చేయించండి. అది మీ రోగికి కూడా మేలు. దేవుడు మీ ఇంటిల్లిపాదికీ ఆరోగ్యం దయచేయును గాక.