వాగు దారి, పొరుగువారి హక్కు

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులపైన అల్లాహ్ శాంతి శుభాలు కురియుగాక!



ఒక శుక్రవారం దైవప్రవక్త (స) మదీనా మస్జిద్‌లో ఖుత్బా ఇస్తుండగా ఒక వ్యక్తి వచ్చి, కరవుతో పశువులు నశిస్తున్నాయని మొరపెట్టుకున్నాడు. ఆయన చేతులెత్తి ప్రార్థించారు. వాన మొదలై వారం రోజులు ఆగలేదు. మరుసటి శుక్రవారం, ఇళ్ళు కూలిపోతున్నాయి, ఆపమని వేడుకోండి అన్న మొర వినిపించింది. అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది.

అప్పుడు ప్రవక్త (స) వర్షాన్ని రద్దు చేయమని కోరలేదు. అది మా మీద గాక మా చుట్టుపక్కల, గుట్టల మీద, లోయల్లో, చెట్ల మొదళ్ళలో కురవాలని వేడుకున్నారు. నీరు దైవానుగ్రహమే, కానీ దానికంటూ ఒక చోటు ఉంది. మరి ఆ చోటులోనే మనం ఇళ్ళు కట్టుకుంటే, ఏ ముఖంతో ఆ దుఆ చేయగలం?

2024 సెప్టెంబరు 1వ తేదీన విజయవాడ ఈ ప్రశ్నను ఎదుర్కొన్నది. బుడమేరు మైలవరం పరిసరాల కొండల్లో పుట్టి, నగరాన్ని ఒరుసుకుంటూ కొల్లేరుకు చేరే వాగు. దాని వరదను వెలగలేరు రెగ్యులేటరు వద్ద మళ్ళించి, ఒక కాలువ ద్వారా కృష్ణానదిలోకి పంపుతారు. ఆనాడు ఆ మళ్ళింపు కాలువ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు ప్రవాహంతో పోటెత్తింది. నది నిండుగా ఉన్నప్పుడు కాలువ నీరు అందులోకి సులువుగా దిగదు. ఇటు నగరంలో వాగు దారి ఏనాడో ఇరుకైపోయింది. సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీలు రోజుల తరబడి నీటిలో నిలిచాయి. మేడల మీద నిలబడి పాల ప్యాకెట్టు కోసం, మంచినీటి కోసం ఎదురుచూసిన తల్లులను మనం మరువరాదు.

ఇది దైవ నిర్ణయం అని మాట ముగించడం తేలిక. వర్షం దైవ నిర్ణయమే. వాగు గర్భంలో మట్టి పోసి ప్లాట్లు వేయడం మాత్రం మన చేతుల పని. లోకంలో ప్రబలే కీడుకు మానవుల చేతలే కారణమని సూరహ్ అర్ రూమ్ హెచ్చరిస్తోంది. అన్యాయంగా జానెడు నేల ఆక్రమించినా ప్రళయదినాన ఏడు భూముల బరువు మెడకు చుట్టుకుంటుందని ప్రవక్త (స) తెలిపారు. జానెడుకే ఇంత శిక్ష అయితే, వాగును గజాల లెక్కన అమ్మినవారి మాటేమిటి? అయితే తెలియక కొనుక్కున్నవారు, వేరే నీడ లేక గట్టున గుడిసె వేసుకున్నవారు వీరితో సమానులు కారు. వాగును విడిపించే నాడు ఆ పేదలకు మరో గూడు చూపమని అడగటం కూడా న్యాయమే.

సోదరులారా! ఓడ ఉపమానాన్ని మీరు ఎరుగుదురు. కింది అంతస్తువారు నీళ్ళ కోసం పైకి వెళ్ళకుండా, తమ భాగానికే రంధ్రం చేసుకుంటామంటారు. పైవారు వారించకపోతే అందరూ మునుగుతారు. వాగు పరీవాహక ప్రాంతమంతా అటువంటి ఓడే. కాకపోతే ఇక్కడ రంధ్రం ఎగువన పడుతుంది, మునిగేది దిగువవారు. వంద చదరపు మీటర్ల మిద్దె మీద పది సెంటీమీటర్ల వాన పడితే పదివేల లీటర్ల నీరవుతుంది. వాకిలంతా సిమెంటు చేసి ఆ నీటిని వీధిలోకి వదిలితే, అది పల్లంలోని పొరుగువాని గడపకే చేరుతుంది. పొరుగువాడు అంటే పక్కింటివాడే కాదు, మన నీరు చేరే ఇంటివాడు కూడా.

కనుక మనం చేయవలసినవి చూద్దాం. దారిలోని హానికర వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక శాఖ. కాలువలో చెత్త సంచి పడవేయడం దానికి సరిగ్గా వ్యతిరేకం. తొలకరికి ముందే మన వీధి కాలువల పూడిక తీయించాలి. నేల అనుకూలించిన చోట ఇంటికీ మస్జిద్‌కూ ఇంకుడు గుంత తవ్వాలి. స్థలం కొనేముందు వృద్ధులను అడిగి పాత వాగు దారి తెలుసుకోవాలి. ఇల్లయినా, దుకాణమైనా, చివరికి మస్జిద్ ప్రహరీ అయినా కాలువ మీదికి జరగరాదు. ఇతరుల హక్కును కబళించి కట్టిన గోడకు పుణ్యం అంటదు.

ఓ అల్లాహ్! మా మీద కాక మా చుట్టూ వర్షించు. ఆ నీరు వెళ్ళే దారిని విడిచిపెట్టే న్యాయబుద్ధిని మాకు ప్రసాదించు. వరదలో సర్వం కోల్పోయినవారికి మేలైన ప్రతిఫలమివ్వు. ఆమీన్.